సిల్వర్‌టిప్ అనే మాటకు ఎంత ఇవ్వొచ్చు? బ్యాడ్జర్ షేవింగ్ బ్రష్‌ల లెక్క

క్లుప్తంగా: బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకతో చేసే షేవింగ్ బ్రష్‌ల మీద కనిపించే ప్యూర్, బెస్ట్, సూపర్, సిల్వర్‌టిప్ లాంటి పేర్లకు అందరూ ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. చెంపకు తగిలే మెత్తదనం, బిగువు ఎక్కువగా కుచ్చు (పిడి పైన ఉండే వెంట్రుకల కట్ట) వ్యాసం, ఎత్తు, కొసలను కట్టిన తీరు మీద ఆధారపడతాయి. ధర పెంచేది చేతిపని, వెంట్రుక దొరకడంలో ఉన్న ఇబ్బంది. మంచి సింథటిక్ బ్రష్‌లు వచ్చాక ధరకూ హాయికీ ఉన్న ముడి చాలావరకు తెగిపోయింది.

కార్ట్రిడ్జ్ బ్లేడ్ల ధర చూసి విసుగొచ్చి మళ్లీ పాతకాలపు డబుల్ ఎడ్జ్ రేజర్ వైపు వచ్చినవాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. రేజర్ దొరికేస్తుంది, బ్లేడ్లు ఎలాగూ చవకే, చిక్కంతా బ్రష్ దగ్గరే వస్తుంది. ఆన్‌లైన్‌లో వెతికితే రెండు వేల లోపు సరుకు మీదా, పదిహేను వేలు దాటిన సరుకు మీదా అదే 'సిల్వర్‌టిప్ బ్యాడ్జర్' అన్న మాట ఉంటుంది. ఫొటోలో రెండూ కవల పిల్లల్లా ఉంటాయి: తెల్ల కొసలు, మధ్యలో నల్ల పట్టీ, కింద మెరిసే పిడి. మరి తేడా ఎక్కడుంది, ఉంటే అది చెంపకు తెలుస్తుందా, లేక జేబుకు మాత్రమే తెలుస్తుందా అన్నదే ఇక్కడి ప్రశ్న.

వెంట్రుక ఒక దేశానిది, ముద్ర ఇంకో దేశానిది

బ్యాడ్జర్ అంటే నీటికుక్కల కుటుంబానికి చెందిన జంతువు. పొట్టి కాళ్లు, బలమైన గోళ్లు, నేలలో బొరియలు తవ్వుకుని ఉంటుంది. యూరప్‌లోనూ ఆసియాలోనూ కనిపిస్తుంది. బ్రష్‌ల తయారీలో పేరున్న బ్రిటన్‌లో మాత్రం లైసెన్సు లేకుండా దాన్ని చంపడం, పట్టడం 1992 నాటి బ్యాడ్జర్ రక్షణ చట్టం ప్రకారం నేరం. అందుకే బ్రష్ కంపెనీలకు వెంట్రుక దాదాపుగా చైనా నుంచే వస్తుంది. 1777 నుంచి ఉన్న కెంట్ అయినా, 1919లో మొదలైన సింప్సన్ అయినా, బ్రష్ మీద ఇంగ్లండ్ పేరు ఎంత గర్వంగా చెక్కి ఉన్నా, లోపలి వెంట్రుక మాత్రం చైనాదే అయి ఉండే అవకాశం ఎక్కువ. ఇందులో మోసమేమీ లేదు. వెంట్రుకను ఏరడం, కుచ్చు కట్టడం, పిడి తిప్పడం, అతికించడం, ఇదీ ఆ కంపెనీల పని. కొనేవాళ్లు డబ్బు ఇస్తున్నది కూడా ప్రధానంగా ఆ పనికే.

ఒకే వనరు మీద ప్రపంచమంతా ఆధారపడితే జరిగేది తెలిసిందే. మంచి వెంట్రుక తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. పొడుగ్గా, తెల్ల కొసలతో ఉన్న వెంట్రుక ఒక తోలు మీద కొంచెమే ఉంటుంది. ముతకది మాత్రం బోలెడు. ఆ ఏరివేతలోంచే ఈ గ్రేడ్ల పేర్లు పుట్టాయి.

పేర్లకు కొలబద్ద లేదు

మామూలుగా చెప్పుకునే వరస ఇది: కింద ప్యూర్, దాని పైన బెస్ట్, ఆ పైన సూపర్, అన్నిటికన్నా పైన సిల్వర్‌టిప్. ప్యూర్ అంటే స్వచ్ఛమైనది కదా, అదే గొప్పది అనుకుని కొనేవాళ్లు తక్కువేం కాదు. నిజానికి ఆ మాటకు అర్థం 'ఇందులో బ్యాడ్జర్ వెంట్రుక తప్ప ఇంకేం కలపలేదు' అని మాత్రమే. రంగు ముదురుగా, ముతకగా ఉండే వెంట్రుకది ఆ పేరు.

బంగారానికి హాల్‌మార్క్ ఉన్నట్టు దీనికి ఏ సంస్థా ముద్ర వేయదు. ఏ కంపెనీకి తోచిన పేరు అది పెట్టుకుంటుంది. సింప్సన్‌నే చూడండి. ఆ కంపెనీలో సూపర్ అంటే పై వరసలోది, వేరేచోట సిల్వర్‌టిప్ అనే సరుకుతో పోల్చదగ్గది. ఇంకో కంపెనీలో సూపర్ అంటే సిల్వర్‌టిప్‌కు కింది మెట్టు. అంటే రెండు కంపెనీల 'సూపర్'లను పక్కపక్కన పెట్టి ధర పోల్చడం, రెండు ఊళ్లలో 'స్పెషల్ టీ' పోల్చినట్టే. జర్మనీకి చెందిన ముల్లె అయితే తన సింథటిక్ పోగుకే 'సిల్వర్‌టిప్ ఫైబర్' అని పేరు పెట్టుకుంది. అందులో జంతువు వెంట్రుక ఒక్కటి కూడా ఉండదు.

టూ బ్యాండ్, త్రీ బ్యాండ్ అనే మాటలు కొంచెం నయం, కనీసం కంటికి కనిపించే దాన్ని చెబుతాయి. బ్యాడ్జర్ వెంట్రుకను విడిగా చూస్తే మొదలు లేత రంగు, మధ్య నలుపు, కొస తెలుపు. ఆ మూడూ పిడి పైన కనిపిస్తే త్రీ బ్యాండ్. పిడి దగ్గర నుంచే నలుపు మొదలై పైన తెలుపు ఉంటే టూ బ్యాండ్. టూ బ్యాండ్ వెంట్రుక సాధారణంగా కాస్త దళసరి, అందుకే దాని బ్రష్ చెంప మీద నొక్కినప్పుడు నిలబడుతుంది. తెల్లగా ఉంటే మెత్తగా ఉంటుందన్న నమ్మకం మాత్రం ఎప్పుడూ నిజం కాదు, ఎందుకంటే ఆ తెలుపును బ్లీచ్ చేసి కూడా తెప్పిస్తారు.

కొస కత్తిరించారా, లేదా

అసలు విషయం ఇక్కడుంది. బ్యాడ్జర్ వెంట్రుక నడుము దగ్గర లావు, రెండు చివర్లా సన్నం. పై కొస సూదిలా సన్నబడుతూ పోతుంది. ఆ సన్నటి కొసే చర్మానికి మెత్తగా తగులుతుంది. అది ఉన్నంతసేపే బ్యాడ్జర్‌కు ఆ పేరు.

మంచి బ్రష్ కట్టేవాళ్లు ఏరిన వెంట్రుకను తూకం వేసి, కొసలు కిందికి వచ్చేలా ఒక చిన్న గిన్నెలాంటి అచ్చులో నిలబెడతారు. అచ్చును తడుతూ ఉంటే వెంట్రుకలన్నీ దిగి, కొసలు అచ్చు అడుగు ఆకారంలో సర్దుకుంటాయి. అచ్చు అడుగు గుంటగా ఉంటే కుచ్చు పైభాగం గుండ్రంగా ఉబ్బుతుంది. దాన్నే బల్బ్ ఆకారం అంటారు. తర్వాత మొదళ్ల దగ్గర దారంతో బిగించి కట్టి, జిగురు పోసి, ఆరాక పిడిలో దించుతారు. ఈ పద్ధతిలో కత్తెర కొసల జోలికే పోదు. హెచ్చుతగ్గులుంటే మొదళ్ల వైపు సర్దుకుంటారు, ఆ భాగం ఎలాగూ పిడి లోపలే ఉండిపోతుంది.

చవక బ్రష్‌లో చాలాసార్లు ఇంత ఓపిక ఉండదు. వెంట్రుకను ఉజ్జాయింపుగా కట్టేసి, పైన ఎగుడుదిగుడుగా వచ్చిన దాన్ని కత్తెరతో గుండ్రంగా చెక్కేస్తారు. దూరం నుంచి చూస్తే ముచ్చటగానే ఉంటుంది. కానీ సన్నటి కొస పోయి మొద్దుగా తెగిన చివర మిగులుతుంది, చెంప మీద తిప్పితే గుచ్చుకుంటుంది. కొందరు దీన్నే 'బాగా రుద్దుతోంది, చర్మం శుభ్రమవుతోంది' అని సర్దిచెప్పుకుంటారు. నెల రోజుల తర్వాత కూడా అలాగే గుచ్చుకుంటే అది గుణం కాదు, కత్తెర చేసిన పని.

దీన్ని ఇంట్లోనే పట్టుకోవచ్చు. పొడి బ్రష్‌ను వెలుతురు వైపు పెట్టి ఫోన్ కెమెరా జూమ్ చేసి కొసలు చూస్తే చాలు. సన్నబడుతూ కనిపించకుండా పోయే కొసలు, బల్లపరుపుగా తెగిన కొసలు, రెండూ స్పష్టంగా వేరుగా కనిపిస్తాయి. ఆ తర్వాత తడిపి అరచేతిలో నొక్కి తిప్పాలి. పొడిగా ఉన్నప్పుడు మెత్తగా అనిపించి తడిశాక గుచ్చుకునే బ్రష్‌లూ ఉంటాయి. షేవింగ్ తడిగానే చేస్తాం కాబట్టి ఆ రెండో పరీక్షే లెక్క.

ఖరీదైన వరసలో 'జెల్ టిప్స్' అని ఇంకో మాట వినిపిస్తుంది. తడిశాక కొసలు ఒకదానికొకటి అంటుకున్నట్టు జారుడుగా ఉంటాయి. చాలావరకు ఇది వెంట్రుకకు రసాయనాలతో చేసే శుద్ధి వల్ల వచ్చే గుణం. హాయిగానే ఉంటుంది, కానీ జంతువు పుట్టుకతో తెచ్చుకున్నది కాదు, కర్మాగారంలో వచ్చింది.

గ్రేడ్ కన్నా ఎక్కువ చెప్పే రెండు అంకెలు

ఒకటి కుచ్చు వ్యాసం, రెండోది పిడి పైన కుచ్చు ఎత్తు. మామూలు బ్రష్‌లు 20 నుంచి 28 మిల్లీమీటర్ల వ్యాసంతో, 45 నుంచి 55 మిల్లీమీటర్ల ఎత్తుతో వస్తాయి. అమ్మేవాళ్లు గ్రేడ్ పేరు పెద్ద అక్షరాల్లో వేసి ఈ అంకెలను ఏ మూలో పెడతారు, కొందరు అసలు పెట్టరు. పెట్టని చోట కొనకపోవడం మంచిది.

ఎత్తు సంగతి చూద్దాం. ఒక చివర బిగించిన పుల్ల పొడవు తగ్గేకొద్దీ దాని బిగువు పొడవు ఘనానికి విలోమంగా పెరుగుతుంది. 55 మిల్లీమీటర్ల కుచ్చును పిడిలో ఇంకో 5 మిల్లీమీటర్లు లోపలికి దించి 50 చేస్తే, అదే వెంట్రుక దాదాపు మూడో వంతు ఎక్కువ బిగువుగా మారుతుంది. గ్రేడ్ అదే, జంతువు అదే, అనుభవం మాత్రం వేరే బ్రష్‌ది. 'ఈ సిల్వర్‌టిప్ వాలిపోతోంది, ఆ బెస్ట్ భలే నిలబడుతోంది' అనే తగువుల్లో సగం ఈ ఐదు మిల్లీమీటర్ల దగ్గర తేలిపోతాయి.

ఇక వ్యాసం. 22 నుంచి 26కు పెరిగితే చూడ్డానికి 4 మిల్లీమీటర్లే, కానీ అడ్డుకోత వైశాల్యం దాదాపు 40 శాతం పెరుగుతుంది. అదే ఒత్తుగా కట్టాలంటే అంతే ఎక్కువ వెంట్రుక కావాలి. సింప్సన్ చబ్బీ 2 లాంటి పొట్టి, లావు, ఒత్తు బ్రష్ వంద పౌండ్లు దాటడానికి ఒక కారణం ఇదే: పేరు సంగతి పక్కన పెడితే లోపల నిజంగానే వెంట్రుక ఎక్కువ. కెంట్ సిల్వర్‌టిప్ బ్రష్‌లు దీనికి పూర్తిగా భిన్నం, పొడుగ్గా, వదులుగా, పూలకుచ్చులా విచ్చుకుంటాయి. రెండూ ఖరీదైనవే. ఒకదాన్ని ఇష్టపడేవాళ్లకు రెండోది అసలు నచ్చకపోవచ్చు. చవక చైనా బ్రష్‌లో పెద్ద వ్యాసం చూసి సంబరపడేముందు పిడి దగ్గర వేళ్లతో పిసికి చూడాలి. మొదళ్లు పలచగా ఉంటే ఆ పెద్ద వ్యాసం గాలితో నిండినట్టే.

నీళ్లు ఎక్కడ నిలుస్తాయి

బ్యాడ్జర్ వెంట్రుక నీళ్లు పీల్చుకుంటుంది, అందుకే గొప్పది అని ఒక మాట చాలాకాలంగా తిరుగుతోంది. ఎక్కువగా పీల్చుకునేది పందివెంట్రుక. దాన్ని ఐదు పది నిమిషాలు నానబెడితేనే మెత్తబడుతుంది, కొన్ని వారాలు వాడాక కొసలు రెండుగా మూడుగా చీలి ఇంకా మెత్తనవుతాయి. బ్యాడ్జర్ విషయంలో నీళ్లు ప్రధానంగా వెంట్రుకల మధ్య సందుల్లో నిలుస్తాయి. నడుము లావు, చివర్లు సన్నం కావడంతో కుచ్చు లోపల సన్నటి ఖాళీలు మిగులుతాయి, కేశనాళికల్లో లాగా నీరు అక్కడ పట్టుకుని ఉంటుంది. అందుకే దీన్ని వేడి నీళ్లలో ఒక నిమిషం ముంచితే సరిపోతుంది. ఆ నీళ్లు మెల్లగా వదులుతూ ఉంటే నురగ వెచ్చగా, తడిగా సాగుతుంది. మరుగుతున్న నీళ్లలో ముంచితే మాత్రం వెంట్రుకా పాడవుతుంది, జిగురూ వదులవుతుంది.

పట్టీ చూసి నమ్మితే

నల్ల పట్టీ ఉంటే బ్యాడ్జర్ అనుకోవడం పాత పొరపాటే, ఒకప్పుడు దానికి ప్రాణాలు కూడా పోయాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్యాడ్జర్ వెంట్రుక వచ్చే దారులు మూసుకుపోయాయి. తయారీదారులు గుర్రపు వెంట్రుకకు రంగు వేసి బ్యాడ్జర్‌లా కనిపించే బ్రష్‌లు చేశారు. సరిగ్గా శుద్ధి చేయని ఆ వెంట్రుకలో ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక వ్యాధి బీజాలు ఉండిపోయాయి. గడ్డం గీసుకునేటప్పుడు పడే చిన్న గాటు చాలు, లోపలికి పోవడానికి. అమెరికా, బ్రిటన్ సైనికుల్లోనూ పౌరుల్లోనూ కలిపి రెండు వందలకు పైగా కేసులు నమోదయ్యాయి. 1920లో బ్రిటన్ జపాన్ నుంచి వచ్చే షేవింగ్ బ్రష్‌ల దిగుమతినే నిషేధించింది.

ఇప్పుడు ఆ భయం లేదు కానీ రంగు వేసే అలవాటు పోలేదు. పందివెంట్రుక మీద నల్ల పట్టీ అద్ది బ్యాడ్జర్‌లా కనిపించేలా చేసిన బ్రష్‌లు ఇప్పటికీ దొరుకుతాయి. పేరున్న కంపెనీలు అది అనుకరణ అని చెప్పే అమ్ముతాయి, పేరు లేనివాళ్లు చెప్పరు. పట్టీ గీత గీసినట్టు మరీ సమంగా ఉన్నా, మొదటి రెండు మూడు కడుగుళ్లలో నీళ్లు నల్లబడినా అనుమానించాల్సిందే. ఊడిన వెంట్రుక ఒకటి కాల్చి చూస్తే ప్లాస్టిక్ అయితే కరిగి పూసలా ముద్దకడుతుంది, వెంట్రుక అయితే కాలిన జుట్టు వాసన వస్తుంది. అది పందిదా బ్యాడ్జర్‌దా అన్నది మాత్రం ఈ పరీక్షతో తేలదు. దానికి మళ్లీ కొస చూడాలి, కొన్నాళ్లు వాడిన పందివెంట్రుక కొస చీలి ఉంటుంది.

మధ్యలో దూరిన సింథటిక్

పాత నైలాన్ బ్రష్ గుర్తుంటే సింథటిక్ అనగానే మొహం చిట్లించడం సహజమే. పినాయిల్ బ్రష్‌కు దీనికి తేడా తెలిసేది కాదు. గత పదిహేనేళ్లలో వచ్చిన పోగులు వేరు. కొసలు సన్నబడేలా తయారుచేస్తున్నారు, కుచ్చు కట్టే విధానం కూడా మారింది. ఐదు వందల నుంచి వెయ్యి రూపాయల మధ్య దొరికే మంచి సింథటిక్ కొసలు, కత్తెర పడిన చవక బ్యాడ్జర్ కన్నా మెత్తగా ఉంటాయి. ఇది అభిప్రాయం అనిపిస్తే రెండూ తడిపి ముంజేతి మీద తిప్పి చూడొచ్చు.

లోటు ఏమిటంటే సింథటిక్ కుచ్చు స్ప్రింగులా వెనక్కి తన్నుతుంది, నురగ ఒక్కోసారి అద్దం మీదికి చిందుతుంది. నీళ్లు తక్కువ పట్టడం వల్ల మధ్యలో చుక్కలు కలుపుకోవాలి. వేడి కూడా త్వరగా పోతుంది. పై వరస బ్యాడ్జర్‌కు ఇప్పటికీ దీనితో పోలికలేని గుణం ఒకటుంది, వాలుతూనే నిలబడటం. ఆ గుణం కోసమే డబ్బు పెట్టేవాళ్లు తెలిసి పెడుతున్నారు. మధ్య వరస బ్యాడ్జర్ పరిస్థితే ఇరకాటంగా మారింది: సింథటిక్ అంత చవక కాదు, సిల్వర్‌టిప్ అంత హాయి కాదు.

బోరు నీళ్లు, ట్యూబ్ క్రీమ్, వానాకాలం

విదేశీ సమీక్షలు చదివి కొనేవాళ్లు మర్చిపోయేవి ఇవే. తెలుగు రాష్ట్రాల్లో చాలా ఇళ్లలో వాడేది ట్యూబ్ క్రీమ్. క్రీమ్ ఏ బ్రష్‌తోనైనా నురగ కడుతుంది, మెత్తటి ఖరీదైన కుచ్చు అక్కడ అదనంగా చేసేది కొంచెమే. గట్టి సబ్బు బిళ్ల మీద తిప్పి నురగ తీయాలంటే కావాల్సింది మెత్తదనం కాదు, బిగువు. పైగా మనవాళ్లలో ఎక్కువమంది గిన్నెలో నురగ తీయరు, నేరుగా మొహం మీదే తిప్పుతారు. పొడుగ్గా వాలిపోయే కుచ్చు ఆ పనికి నప్పదు.

హైదరాబాద్ శివార్లలోని బోరు నీళ్ల లాంటి గట్టి నీళ్లలో సబ్బు, కాల్షియంతో కలిసి తెల్లటి మడ్డి అవుతుంది. ఆ మడ్డి కొసలకు పట్టి కొన్ని నెలల్లో ఎంత మెత్తటి బ్రష్‌నైనా గరుకుగా చేస్తుంది. బ్రష్ పాడైందనుకుని పారేసేముందు, గ్లాసు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాల వెనిగర్ కలిపి పది నిమిషాలు ఉంచి కడిగితే సగానికి సగం తేడా కనిపిస్తుంది. వానాకాలంలో, అందులోనూ విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్లలో, కిటికీ లేని బాత్రూమ్‌లో పెట్టిన ఒత్తు బ్యాడ్జర్ కుచ్చు మర్నాటికి కూడా లోపల తడిగానే ఉంటుంది, వాసన మొదలవుతుంది. సింథటిక్ కొన్ని గంటల్లో ఆరిపోతుంది.

డబ్బు లెక్క కూడా చూద్దాం. ఎనిమిది వేల బ్రష్ పదేళ్లు మన్నిందనుకుందాం, రోజు మార్చి రోజు గడ్డం గీసుకుంటే ఏడాదికి సుమారు 180 సార్లు. ఒక్కో షేవ్‌కు బ్రష్ ఖర్చు నాలుగున్నర రూపాయల లోపు. ఎనిమిది వందల సింథటిక్ ఐదేళ్లే వచ్చిందనుకున్నా 90 పైసలు. నాలుగున్నర రూపాయలంటే టీ ఖర్చు కూడా కాదని ఒకరు అంటారు, ఐదు రెట్లు కదా అని ఇంకొకరు అంటారు. ఇద్దరి లెక్కా సరైనదే. కాకపోతే పదేళ్లు అనేది సరిగ్గా ఆరబెట్టే ఇంటి లెక్క.

జంతువు సంగతి

గొర్రె ఉన్నిలా కత్తిరించి వదిలేసే వ్యవహారం కాదిది, బ్యాడ్జర్ వెంట్రుక చంపిన జంతువు తోలు నుంచి వస్తుంది. 2018లో జంతు హక్కుల సంస్థ పెటా ఆసియా చైనాలోని ఫారాల్లో ఇరుకు బోనుల్లో ఉన్న బ్యాడ్జర్ల దృశ్యాలు బయటపెట్టాక కొన్ని కంపెనీలు ఈ వెంట్రుక వాడటం మానేశాయి. గుర్రపు వెంట్రుకకు ఈ చిక్కు లేదు, బతికున్న గుర్రం తోక నుంచి, జూలు నుంచి కత్తిరించవచ్చు. మన దేశంలో ఇలాంటి కథే పెయింటింగ్ బ్రష్‌లతో నడిచింది. ముంగిస వెంట్రుకతో బ్రష్‌లు చేయడం, అమ్మడం వన్యప్రాణి రక్షణ చట్టం కింద నేరం. 2019లో వన్యప్రాణి నేర నియంత్రణ బ్యూరో 'ఆపరేషన్ క్లీన్ ఆర్ట్' పేరుతో, ఉత్తరప్రదేశ్‌లో బ్రష్‌ల తయారీకి పేరున్న షేర్‌కోట్ సహా పలుచోట్ల దాడులు చేసింది. మన అడవుల్లో ఉండే హనీ బ్యాడ్జర్ కూడా అదే చట్టంలో గరిష్ఠ రక్షణ ఇచ్చే షెడ్యూల్-1లో ఉంది.

పిడి ఉంచి కుచ్చు మార్చడం

ఇప్పటికే ఖరీదైన బ్రష్ ఉండి వెంట్రుకలు ఊడుతుంటే ముందు కంగారు పడక్కర్లేదు. కొత్తలో నాలుగైదు వాడకాల వరకు కొన్ని ఊడటం మామూలే. నెలలు గడిచాక కూడా బాగా ఊడుతుంటే మొదళ్ల దగ్గర జిగురు సరిగ్గా పట్టలేదని అర్థం, దానికి ఇంట్లో మందు లేదు. అలాంటప్పుడు పిడి బాగుంటే పాత కుచ్చు తీయించి, ఆ గుంటలో కొత్తది అతికించుకోవచ్చు. విడి కుచ్చులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, సింథటిక్‌వి చవక. కొనేముందు గుంట వ్యాసం, లోతు రెండూ కొలవాలి. కుచ్చు గుంట కన్నా ఒక మిల్లీమీటరు చిన్నదైతే జిగురుకు చోటుంటుంది. లోతు ఎక్కువైతే అడుగున ఒక చిన్న బిళ్ల వేసి ఎత్తు సరిచేసుకోవచ్చు. బిగువు ఎంత కావాలో తేల్చేది ఆ బిళ్ల మందమే.